తూకం, ముద్ర, సంతకం

మన ఇళ్ళలో పాత్రల మీద పేర్లుంటాయి. ఇత్తడి బిందె మీద, కంచు గిన్నె మీద, వెండి చెంబు మీద చుక్కలు చుక్కలుగా పొడిచిన అక్షరాలు కనిపిస్తాయి. ఆ పేరు ఎవరిది? కొన్నవారిది, లేదా పెళ్ళిలో చదివించినవారిది. చేసినవాడిది మాత్రం కాదు. చేసినవాడి పనిమీదే మరొకరి పేరు పొడిపించడం మనకు ఎంత అలవాటైపోయిందంటే, అందులో ఆలోచించవలసింది ఏదైనా ఉందని కూడా తోచదు.

నాకు తోచింది ఒక నష్టం జరిగిన రోజున. మా అమ్మ వైద్యానికి డబ్బు చాలక, మా తాతగారి వెండి మరచెంబును విజయనగరంలో ఒక కొట్టుకు పట్టుకెళ్ళాను. మెడ చుట్టూ సన్నని లతలు చెక్కిన చెంబు. కొట్టాయన దాన్ని గీటురాయి మీద గీసి చూశాడు, తూచాడు, తరుగు తీసేసి లెక్క కట్టాడు. నేను డబ్బు తీసుకుంటుండగానే సుత్తితో నాలుగు దెబ్బలు వేసి చెంబును అణగగొట్టి పాత వెండి సంచిలో పడేశాడు. “మరి పనితనం?” అన్నాను. “పనికేముంది మాస్టారూ, కరిగిస్తే అంతా వెండే కదా” అన్నాడు.

అతను నన్ను మోసం చేయలేదు. బజారు న్యాయమే అది. కొనేటప్పుడు వెండి ధరమీద మజూరి కలుపుతారు. అమ్మేటప్పుడు ఆ మజూరి సున్నా అవుతుంది. అంటే తూకమనే ఈ పద్ధతిలో లోహం మిగులుతుంది, మనిషి శ్రమ ఆవిరవుతుంది. పాత వస్తువుకు విలువ కట్టడంలో ఇది ఒక పద్ధతి. దీనికి పూర్తిగా ఎదురుగా కనిపించే మరో పద్ధతి పాశ్చాత్య దేశాల వేలంపాట. ఆ రెండూ నిజంగా ఎదురెదురేనా అన్నది ఈ వ్యాసంలో చూద్దాం.

లండనులో ఉంటున్న నా పూర్వ విద్యార్థి ఒకడు కొన్నేళ్ళ కిందటి వేలంపాట జాబితా పుస్తకాన్ని నాకు పంపించాడు. మొదటి సగం పాత వెండి సామాను: టీ కూజాలు, పళ్ళేలు, చెంచాలు, కొవ్వొత్తి సెమ్మెలు. రెండో సగం జపాను కళావస్తువులు: లక్క పెట్టెలు, మీనా పూలకుండీలు, దంతపు బొమ్మలు. ప్రతి వస్తువు కిందా ఒక వర్ణన, దాని కింద రెండు అంకెలు. ఆ రెండూ అంచనా ధర హద్దులు. అమ్మేవాడు ఇంతకు తగ్గితే ఇవ్వనని ముందే రహస్యంగా చెప్పుకున్న కనీస ధర వేరే ఉంటుంది. సుత్తి పడ్డ ధరమీద కొన్నవాడి దగ్గర కొంత శాతం, అమ్మినవాడి దగ్గర కొంత శాతం వేలం కంపెనీకి పోతుంది. ఈ లెక్కలో తూకం చివరన వచ్చే మాట. మొదట వచ్చే మాట పేరు.

ఇంగ్లీషు వెండిమీద ఆ పేరు ఎలా తెలుస్తుంది? వస్తువు అడుగున చిన్న ముద్రలు వరసగా ఉంటాయి. నడిచే సింహం ఉంటే వెయ్యికి 925 పాళ్ళు వెండి అని అర్థం. చిరుతపులి తల ఉంటే లండనులో పరీక్షించినది, లంగరు ఉంటే బర్మింగ్‌హామ్‌లో పరీక్షించినది. ఒక అక్షరం ఉంటుంది; అది ఏ ఏడు పరీక్షించారో చెబుతుంది. 1784 నుంచి 1890 వరకు రాజు లేక రాణి తల కూడా ఉండేది. సర్కారు సుంకం చెల్లించినట్టు గుర్తు. వీటి పక్కన రెండు మూడు పొడి అక్షరాలు: తయారీదారు ముద్ర. ఇంత చిన్న వరసలో నాణ్యత, ఊరు, సంవత్సరం, పన్ను, పేరు అన్నీ ఇమిడిపోయాయి. రెండు వందల ఏళ్ళ తర్వాత కూడా చెంచాకు చిరునామా ఉంది.

అయితే తయారీదారు అంటే ఎవరు? ముద్ర నమోదు చేయించుకున్న యజమాని. అతని కింద కొలిమి ఊదినవాడూ, రేకు సాగగొట్టినవాడూ, నగిషీ చెక్కినవాడూ ఆ రెండక్షరాల్లో లేరు. మన మద్రాసులో పందొమ్మిదవ శతాబ్దంలో పి. ఆర్ అండ్ సన్స్ అనే దొరల కంపెనీ దేవతామూర్తులు చెక్కిన వెండి సామానుకు పేరు పొందింది. “స్వామి” వెండి అని నేటికీ వేలంపాటల్లో దానికి గిరాకీ. ఆ మూర్తులను చెక్కినది దక్షిణదేశపు పనివాళ్ళు. అడుగున ఉన్నది కంపెనీ ముద్ర.

ఇక జపాను సంగతి. ఆ దేశం మనకు మరీ కొత్తదేమీ కాదు. మన భీమునిపట్నంలో కొట్లు పెట్టుకున్న డచ్చివారే 1641 తర్వాత రెండు శతాబ్దాలకు పైగా నాగసాకి రేవులో వర్తకం చేయనిచ్చిన ఏకైక ఐరోపావారు. జపాను రాగి ఆ ఓడల్లో కోరమాండల్ తీరానికి వచ్చింది. ఈ తీరపు అద్దకం బట్టలు ఆ ఓడల్లోనే జపానుకు పోయాయి. వాటిని అక్కడివారు “సరసా” అని పిలుచుకుని, తేనీటి వేడుకల్లో విలువైన సామాను చుట్టిపెట్టుకునేవారు.

1868లో మెయిజీ ప్రభుత్వం వచ్చింది. 1876లో సమురాయీలు కత్తి ధరించడాన్ని నిషేధించింది. కత్తిపిడులకు బంగారం, వెండి, రాగి కలిపి నగిషీ చేసే లోహకారులకు ఒక్కసారిగా పని పోయింది. మన దగ్గర జమీందారీల చేతి వృత్తులకు పట్టిన గతే వారికీ పట్టవలసింది. కాని అక్కడి ప్రభుత్వం ఆ చేతులను ఎగుమతి పరిశ్రమ వైపు మళ్ళించింది. 1873 వియన్నా ప్రదర్శనకు వస్తువులు పంపింది. మరుసటేడే ప్రభుత్వ అండతో ఒక ఎగుమతి కంపెనీ ఏర్పడింది. 1890లో రాచనగరు కళాకారులనే గౌరవ పదవులు పెట్టింది. నిన్న కత్తిపిడి చేసిన చెయ్యి నేడు పూలకుండీ చేసింది, దానిమీద సంతకం పెట్టింది. క్యోటోకు చెందిన నమికవా యసుయుకి సంతకమున్న మీనా కుండీకి నేడు ధనికులు పోటీపడతారు.

ఇక్కడ కూడా మనం భ్రమపడకూడదు. ఒసాకాలో యబు మెయిజాన్ అనే ఆయన కర్మాగారం సత్సుమా పింగాణీ మీద అతి సూక్ష్మమైన బొమ్మలకు ప్రసిద్ధి. బొమ్మల గీతలను రాగిరేకుల అచ్చులతో దించి, రంగులు అద్దడం అనేకమంది పనివాళ్ళచేత చేయించేవాడు. సంతకం మాత్రం మెయిజాన్‌దే. కాబట్టి ముద్ర గాని సంతకం గాని దానంతటది శ్రామికుడి విముక్తి కాదు. అది కూడా వర్తకపు అవసరమే. కాని ఒక తేడా ఉంది. యజమాని పేరైనా ఉంటే, ఆ దారిన పనివాళ్ళ జాడ వెదకవచ్చు. అసలు పేరే లేకపోతే వెదకడానికి దారే లేదు.

ఆ తేడా ఎంతటిదో ఆ పుస్తకం మధ్య పేజీలో కనిపించింది. ఇంగ్లీషు వెండికీ జపాను లక్కకూ నడుమ, చందనపు చెక్కమీద దంతపు రేకులు తాపిన ఒక చిన్న పెట్టె. వర్ణనలో మొదటి మాట “వైజాగపటం”. అంటే మన విశాఖపట్నం.

ఈ దంతపు పని చరిత్ర చిన్నది కాదు. 1756లో ఈ తీరానికి వచ్చిన మేజర్ కోర్నీల్ అనే ఇంగ్లీషు సైనికాధికారి విశాఖ తాపడం పనిని మెచ్చుకుని రాశాడు. చేసినది కంసాలి పనివాళ్ళు. దంతం పెగూ నుంచి వచ్చేది. రేకులమీద సన్నని గీతలు చెక్కి, వాటిలో నల్లని లక్క నింపేవారు. దొరల ఇళ్ళకు కావలసిన కుర్చీలు, బీరువాలు, కలందానులు ఇంగ్లీషు నమూనాల మీద చేసి, అంచుల్లో మన పూలూ లతలూ పెట్టేవారు. మద్రాసు గవర్నరుగా పనిచేసిన అలెగ్జాండర్ వించ్ ఇటువంటి దంతపు ఆసనాల సెట్టు ఒకటి స్వదేశానికి పట్టుకుపోయాడు. 1781లో అతని ఆస్తిని వేలం వేసినప్పుడు మూడవ జార్జి రాజు దాన్ని తన రాణి షార్లట్ కోసం కొన్నాడు. రాణి మరణించాక 1819లో మళ్ళీ వేలం; ఆమె కొడుకే కొన్ని కొనుక్కున్నాడు. గవర్నరు పేరు, రాజు పేరు, రాణి పేరు, వేలం కంపెనీ పేరు, సంవత్సరాలు అన్నీ భద్రంగా ఉన్నాయి. ఆ కుర్చీ చేసిన విశాఖ మనిషి పేరు లేదు.

వేలంవాళ్ళు వస్తువు వంశవృక్షం రాస్తారు. దాని నిండా యజమానులే. అందులో ఎవరి చేతిలో ఉండేదన్నది తెలుస్తుంది గాని ఎవరి చేతిలో పుట్టిందన్నది తెలియదు. చైనావారు చేసిన చెక్కుడు లక్క తడికెలను వేలంపాటల్లో నేటికీ “కోరమాండల్” తడికెలనే అంటారు. అవి ఇక్కడ చేసినవి కావు. ఐరోపాకు పోతూ ఈ తీరపు రేవుల్లో ఓడ మారాయి, అంతే. ఓడ మారిన చోటు పేరు నిలిచింది, చేసిన దేశం పేరు పోయింది. వర్తకుడి దారే చరిత్ర అవుతుందనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు చట్టాల సంగతి. మన దేశంలో 1972 చట్టం ప్రకారం నూరేళ్ళు నిండిన కళావస్తువు పురావస్తువు. ప్రైవేటు వ్యక్తులు దాన్ని దేశం దాటించడం నేరం. దంతపు వర్తకాన్ని 1986, 1991 సవరణలు మూసివేశాయి. బ్రిటనులో 2018లో చేసిన దంత చట్టం 2022 నుంచి అమలులోకి వచ్చింది. ఏనుగును చంపి చేసే సింగారాన్ని ఆపడం సబబే. ఇందులో రెండో మాట లేదు. కాని ఈ చట్టాలు అడిగే ప్రశ్నలు గమనించండి: వస్తువు ఏ కాలానిది, దంతం ఎంత శాతం, సొంతదారు ఎవరు. మన కాపీరైటు చట్టంలో 1994 సవరణ ఒక మంచిపని చేసింది. చిత్రమో, శిల్పమో, రచయిత రాతప్రతో పదివేల రూపాయలు మించి తిరిగి అమ్ముడుపోతే కర్తకు వాటా ఉంటుందన్నది. కంచు చెంబు ఆ జాబితాలో లేదు. చెంబుకు కర్త ఉంటాడని చట్టానికి తోచలేదు.

జపాను ఆలోచనాపరుడు యనాగి సోయెత్సు 1920లలో జానపద చేతిపనుల ఉద్యమం నడిపాడు. పేరు కోరని సామాన్యుడి చేతిలోనే నిజమైన సౌందర్యం పుడుతుందని ఆయన వాదం. సంతకాల వెంట పరుగెత్తే ధనికుల అభిరుచి మీద అది మంచి దెబ్బే. కాని పేరు వద్దనుకోవడం వేరు, పేరు లేకుండా చేయబడటం వేరు. మొదటిది వైరాగ్యం, రెండోది దోపిడి. ఆ దేశంలోనే 1950 చట్టం తర్వాత, 1955 నుంచి, కుమ్మరినీ నేతగాడినీ లక్క పనివాడినీ పేరు పెట్టి గౌరవించి, విద్య నిలుపుకోవడానికి ఏటా భృతి ఇస్తున్నారు. మన బుడితి కంచు ఇత్తడి పనికీ, బొబ్బిలి వీణకూ భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అది ఊరిపేరును దొంగలనుంచి కాపాడుతుంది. ఆ ఊళ్ళో సుత్తి పట్టిన మనిషి పేరును కాపాడదు.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. మా ఊరి తూకమూ లండను వేలమూ ఎదురెదురుగా కనిపించినా, మన పనివాడి విషయంలో రెండూ ఒక్కటే. ఒకటి అతని శ్రమను కరిగిస్తుంది. రెండోది ఆ శ్రమను నిలిపి, విలువకట్టి, ఆ విలువను సొంతదారుల పేరున రాస్తుంది.

ఈ సంగతులు చెప్పి మా తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని పెట్టాను: మీ ఇంట్లో పాత పాత్ర ఒకటి చూసి, దానిమీద ఎవరి పేరుందో, చేసినవారెవరో అడిగి రాసుకురండి అని. కొన్నవారి పేర్లు అందరూ రాశారు. చేసినవారి పేరు ఒక్క పిల్లే రాసింది. అది వాళ్ళ నాన్న పేరు, ఆయన కంచరి. “సొంత పని కాబట్టి ఇంట్లో ఉంచుకున్నారా?” అని అడిగాను. “లేదండీ, నెర్రె వచ్చింది, ఎవరూ కొనలేదు” అంది.

అభ్యుదయ సాహిత్యం శ్రమజీవిని కావ్యవస్తువు చేసింది. అది గొప్ప మలుపు. కాని “శ్రామికుడు” అని ఏకవచనంలో పిలిచినంత మాత్రాన అతనికి పేరు వచ్చినట్టు కాదు. ఈ జిల్లాల్లో ఇంకా కొలిమి వెలుగుతున్న ఊళ్ళున్నాయి, పనస దుంగను వీణగా తొలుస్తున్న చేతులున్నాయి. అక్కడికి వెళ్ళి, ఎవరు ఎవరి దగ్గర నేర్చుకున్నారో, ఏ పని ఎవరిదో, ఎంత మజూరి ముట్టిందో రాసిపెట్టడం రచయితలు, ఉపాధ్యాయులు వెంటనే చేయదగిన పని. వేలంపాటల్లో మన వస్తువులు రేపు కూడా అమ్ముడవుతాయి. ఆనాటికి వాటి వంశవృక్షంలో మొదటి పేరు మనం రాసినదై ఉండాలి.