కంప్యూటరు పట్టికలో వరుసను తొలగించు విధము

విద్యార్థులారా! మన పాఠశాలలో చేరిన ప్రతివారికి అడ్మిషను రిజిస్టరులో ఒక వరుస కలదు. ఒకడు టి.సి. తీసికొని మాలూరు పాఠశాలకు పోయినచో గుమాస్తా ఆ పుటను చింపివేయడు. ఆ వరుస కెదుట టి.సి. సంఖ్యయు, తేదియు వ్రాసి ఊరకుండును. ఇట్టి పనియే కంప్యూటరులో ఎట్లు జరుగునో వివరించెదను. టేకల్ స్టేషనులో బండి యెక్కి బెంగళూరు పోయి దీనినే వృత్తిగా గైకొనదలచినవారు మీలోను ఉందురు.

సమాచారమును పరస్పర సంబంధము గల పట్టికలలో వరుసలుగా నుంచు పద్ధతిని 1970లో ఐ.బి.ఎం. సంస్థలోని ఎడ్గర్ కాడ్ ప్రతిపాదించెను. కాని ప్రోగ్రాము వ్రాయువాడు వరుసలతో గాక 'ఆబ్జెక్టు'లతో, అనగా పేరు, తరగతి, పుట్టినతేది మొదలగు గుణములను ఒక్కచోట మూటగట్టిన వస్తువులతో పనిచేయును. వరుసను వస్తువుగను, వస్తువును వరుసగను మార్చుచు నడుమ నిలిచిన దుబాసియే ఆబ్జెక్ట్ రిలేషనల్ మ్యాపర్. ఇంట తెలుగు, కచేరిలో కన్నడము మాటలాడు మనకు దుబాసి పని యెట్టిదో చెప్పనక్కరలేదు. జావా భాషకు 2001లో వచ్చిన హైబర్నేట్, మైక్రోసాఫ్ట్ వారు 2008లో వెలువరించిన ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ ఇందు ప్రసిద్ధములు. రెండవదానినే ఉదాహరణముగా గైకొందము.

ఈ దుబాసి వద్ద ఒక చిట్టా కలదు. పట్టికనుండి తెచ్చియిచ్చిన వస్తువుల నందు వ్రాసికొని, వాని స్థితిని కనిపెట్టుచుండును. తెచ్చినది తెచ్చినట్లున్నచో 'అన్‌ఛేంజ్డ్', ఒక గుణము మారినచో 'మాడిఫైడ్', క్రొత్తగా చేర్చినచో 'యాడెడ్', తొలగింపుమన్నచో 'డిలీటెడ్'. చిట్టాకు ఎక్కనిది 'డిటాచ్డ్'. 'రిమూవ్' అన్నంతనే వరుస పోవునని అనేకులు తలతురు. పోదు. చిట్టాలో గురుతు మాత్రమే పడును. 'సేవ్ ఛేంజెస్' అను ఆజ్ఞ యిచ్చినప్పుడే ఆ గురుతు పట్టికపై అమలగును. అంతవరకు మనసు మార్చుకొన వీలున్నది. తాలూకా కచేరిలో అర్జీ యిచ్చిన నాడే పహణీలో పేరు మారదు గదా! మ్యుటేషను మంజూరైన పిదపనే మారును. ఇదియు నట్టిదే. ఇప్పుడే చేర్చి, ఇంకను సేవ్ చేయని వస్తువును తొలగింపుమన్నచో పట్టికకు ఏ ఆజ్ఞయు పోదు. లేనిదానిని తొలగించు టెట్లు?

చిట్టాలో లేని వరుసను తొలగింపవలెనన్న, ముందు దానిని తెప్పించి పిదప రిమూవ్ అనవచ్చును. దాని గుర్తింపుసంఖ్య తెలిసినచో, ఆ సంఖ్య మాత్రము గల వస్తువును కల్పించి రిమూవ్ అన్నను సాధారణముగ చాలును. ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ అను నవీన రూపమునకు 2022లో వచ్చిన ఏడవ కూర్పులో 'ఎగ్జిక్యూట్ డిలీట్' అను ఆజ్ఞను చేర్చిరి. అది చిట్టాతో నిమిత్తము లేక నేరుగ పట్టికలోనే తుడిచివేయును. వేయి వరుసలు తుడువవలసినచో మేలే. కాని ముందే చిట్టాకెక్కిన వస్తువులు తమ వరుసలు పోయిన సంగతి యెరుగక అట్లే నిలిచియుండును.

అసలు చిక్కు వేరు. కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28వ తేదీన మూతపడినవి. గనుల పట్టిక యొకటి, కార్మికుల పట్టిక యొకటి కలవనుకొనుడు. ప్రతి కార్మికుని వరుసలో అతని గని సంఖ్య యున్నది. మూతపడిన గని మనకేల యని దాని వరుసను తొలగించినచో కార్మికుల గతి యేమి? 'క్యాస్కేడ్' అని నిర్ణయించియున్నచో గనితోబాటు వారి వరుసలన్నియు తుడిచిపెట్టుకొని పోవును. 'సెట్ నల్' అన్నచో కార్మికుని వరుస నిలుచును గాని గని గడి ఖాళీయగును. 'రెస్ట్రిక్ట్' అన్నచో ఒక్క కార్మికుడున్నను గనిని తొలగింపనీయదు. గని సంఖ్య తప్పనిసరియైన చోట, మన మేమియు చెప్పకున్నచో ఎంటిటీ ఫ్రేమ్‌వర్క్ కోర్ క్యాస్కేడునే గైకొనును. ఇది నాకు రుచింపదు. ముప్పదియేండ్లు గనిలో దిగి యెక్కినవాడు తనకు రావలసిన బాకీ నడుగవలెనన్న, తా నక్కడ పనిచేసినట్లు చూపు ఆధారములలో ఆ వరుస యొకటి. ఇట్టిచోట రెస్ట్రిక్ట్ అని స్పష్టముగ వ్రాయుటయే న్యాయము.

కొంద రసలు వరుసను తొలగింపనే తొలగింపరు. 'తొలగించిన తేది' అను గడి నొకటి చేర్చి, సేవ్ చేయు సమయమున డిలీటెడ్ గురుతును మాడిఫైడుగా మార్చి, అందు తేది వ్రాయింతురు. తేది పడిన వరుసలు వెదకులాటలో కనబడకుండ ఒక జల్లెడ నమర్తురు. మన గుమాస్తా పద్ధతియే ఇది. అయితే పట్టిక నానాటికి పెరుగును. జల్లెడ వేయ మరచినచోట ఎన్నడో పోయినవారు హాజరుపట్టీలో మరల ప్రత్యక్షమగుదురు. పైగా 2023లో మన పార్లమెంటు ఆమోదించిన డిజిటల్ వ్యక్తిగత సమాచార సంరక్షణ చట్టము, కొన్ని నియమములకు లోబడి, తన సమాచారమును తుడిచివేయుమని కోరు హక్కును పౌరునకు ఇచ్చినది. ఆ హక్కుతో ఒకడు వచ్చి అడిగినప్పుడు తేది వ్రాసి దాచుట చాలదు. వరుస నిజముగనే పోవలెను.