పట్నం పోతున్నారా? పేట పేరు ముందు తెలుసుకోండి

విశాఖపట్నం: "విశాఖలో ఎక్కడికి?" అని కండక్టరు అడిగితే "విశాఖకే" అని జవాబు చెప్పే ప్రయాణికులు పల్లె బస్సుల్లో నేటికీ కనిపిస్తారు. చిక్కంతా ఆ జవాబులోనే ఉంది. విశాఖపట్నం ఒక్క ఊరు కాదు. సముద్రానికీ కొండలకూ మధ్య సందు దొరికిన చోటల్లా పెరిగిన ఊళ్ళ వరుస. రైల్వే స్టేషను నుంచి ఉక్కు కర్మాగారం ముంగిట ఉన్న కూర్మన్నపాలేనికి ఇంచుమించు 20 కిలోమీటర్లు. గాజువాకలో పని ఉన్న మనిషి తెలియక కాంప్లెక్స్ దాకా వచ్చి దిగితే, వచ్చిన దారినే మళ్ళీ వెనక్కి పోవాలి. పూట గడిచిపోతుంది. వెంట రోగి ఉంటే ఆ పూటే ప్రాణం మీదికి రావచ్చు.

అందుచేత మొదటిసారి పట్నం వచ్చేవారు ఇల్లు కదలక ముందే మూడు సంగతులు కాగితం మీద రాయించుకోవాలి. ఒకటి, బస్సు గాని రైలు గాని దిగవలసిన చోటు. రెండు, చేరవలసిన పేట, దానికి దగ్గరలోని జంక్షను. మూడు, అక్కడ ఉన్న తెలిసినవారి ఫోను నంబరు. నంబరు సెల్‌ఫోనులో ఉంది కదా అని ఊరుకోరాదు. ఛార్జింగు అయిపోతే నంబరూ అందదు. ఆ కాగితం ఒకటి తమ దగ్గర, మరొకటి వెంట వచ్చినవారి దగ్గర ఉండడం మేలు.

ఏ దారిన వస్తే ఎక్కడ దిగాలి?

శ్రీకాకుళం, విజయనగరం వైపు బస్సులు సాధారణంగా ఆనందపురం, మధురవాడ, హనుమంతవాక, మద్దిలపాలెం మీదుగా కాంప్లెక్స్ చేరతాయి. అనకాపల్లి, యలమంచిలి వైపు నుంచి వచ్చేవి లంకెలపాలెం, కూర్మన్నపాలెం, గాజువాక, ఎన్.ఎ.డి. జంక్షను దాటి వస్తాయి. అరకు, ఎస్.కోట వారికి పెందుర్తి, గోపాలపట్నం ముందు తగులుతాయి. సింహాచలం పోదలచినవారు గోపాలపట్నంలోనే దిగి బస్సు మారితే సరిపోతుంది.

కాంప్లెక్స్ అని అందరూ పిలిచేది ద్వారకా బస్‌స్టేషన్‌నే. అక్కడి నుంచి సిటీ బస్సు ఎక్కేటప్పుడు నంబరు ఒక్కటే చూడరాదు. నంబరు పక్కన అక్షరం మారితే బస్సు పోయే దారీ మారుతుంది. బోర్డు మీద ఊరి పేరు చదివించుకొని, కండక్టరును అడిగి ఎక్కాలి. 2025 ఆగస్టు 15 నుంచి రాష్ట్రంలో అమలవుతున్న స్త్రీ శక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులతో పాటు సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లోనూ ఆడవారికి టిక్కెట్టు డబ్బు లేదు. అయితే ఆధార్ వంటి గుర్తింపు కార్డు చేతిలో ఉండాలి. ఆటో ఎక్కేవారు మాత్రం కిరాయి ఎంతో, అది మనిషికా, మొత్తం బండికా అన్నది ముందే తేల్చుకోవాలి.

రైలులో వచ్చేవారు మరొక సంగతి గమనించాలి. దూరపు రైళ్ళలో కొన్ని విశాఖ స్టేషనుకు రాకుండానే దువ్వాడ మీదుగా పోతాయి. టిక్కెట్టు తీసుకునేటప్పుడే విచారించుకోవాలి. గాజువాక, ఉక్కునగరం పనుల మీద వచ్చేవారికి దువ్వాడే దగ్గర. ఇక విశాఖలో ఆగి ముందుకు పోయే రైలు ఇంజను ఇటు నుంచి అటు మార్చుకొని, వచ్చిన దిక్కుకే బయలుదేరుతుంది. రైలు వెనక్కి పోతోందని కంగారుపడి దూకిపోరాదు.

ఆసుపత్రికి వచ్చేవారికి

పల్లెల నుంచి ఎక్కువమంది వచ్చేది పెద్దాసుపత్రికే. 1923లో మొదలైన కింగ్ జార్జ్ ఆసుపత్రి, అంటే కె.జి.హెచ్., జగదాంబ జంక్షనుకు నడిచి పోయేంత దూరంలో ఉంది. ఓ.పీ. చీటీకి పొద్దున్నే వరుసలో నిలబడాలి కాబట్టి మధ్యాహ్నం బస్సుకు వచ్చి ప్రయోజనం లేదు. ఆధార్, రేషన్ కార్డు, ఊరి డాక్టరు రాసిన చీటీలు, పాత ఎక్స్‌రేలు, వాడుతున్న మందుల అట్టలు అన్నీ ఒకే సంచిలో పెట్టుకొని రావాలి. మందు పేరు నోటితో చెప్పలేకపోయినా అట్ట చూపిస్తే డాక్టరుకు తెలుస్తుంది.

సర్కారు ఆసుపత్రి అంటే అన్ని జబ్బులకూ కె.జి.హెచ్. అనుకోవడం పొరపాటు. కంటికి, ఛాతీ జబ్బులకు, చెవి ముక్కు గొంతుకు, మానసిక వ్యాధులకు వేర్వేరు ఆసుపత్రులు వాల్తేరు వైపు ఉన్నాయి. విమ్స్ ఆసుపత్రి హనుమంతవాక దగ్గర జాతీయ రహదారి పక్కనే ఉంది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చేవారికి ఇది కాంప్లెక్స్ కంటే ముందే తగులుతుంది. ఏ ఆసుపత్రికి పంపుతున్నారో ఊళ్ళో ప్రాథమిక ఆరోగ్య కేంద్రం డాక్టరు చేతనే స్పష్టంగా రాయించుకోవాలి.

ఆరోగ్యశ్రీ అని జనం నేటికీ పిలిచే ఎన్టీఆర్ వైద్య సేవ కింద చికిత్స కావలసినవారు ఆ కౌంటరులోనే విచారించాలి. ఏజెన్సీ గ్రామాల గిరిజనులకు సాయం చేయడానికి కె.జి.హెచ్.లో ఎస్టీ సెల్ ఉంది. "నేను లోపల చెప్పి మంచం ఇప్పిస్తాను" అంటూ గేటు దగ్గర కలిసేవారి చేతిలో పైసా పెట్టరాదు.

మేస్త్రీ బయానా మాట

పని కోసం వచ్చేవారికీ ఇదే మాట వర్తిస్తుంది. ఒకప్పుడు ఈ ప్రాంతం కూలీలు వేలాదిగా ఓడలెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూను, పోయేవారు. భాష రాని ఆ పరాయి పట్నంలో వారికి మేస్త్రీయే దిక్కు. అతడిచ్చిన బయానా కూలీలో కోతపడుతూ, అప్పు తీరేదాకా మనిషిని కట్టిపడేసేది. 1941 డిసెంబరులో రంగూను మీద జపాను బాంబులు పడ్డాక ఎందరో అడవులగుండా కాలినడకన తిరిగి వచ్చారు.

నేడు విశాఖ పోవడానికి ఓడ ఎక్కనక్కరలేదు, భాషా మనదే. కాని మధ్యవర్తి మీద ఆధారపడే అలవాటు మాత్రం పోలేదు. పోర్టులోనో, ఉక్కు కర్మాగారంలోనో ఉద్యోగం వేయిస్తామని డబ్బు అడిగేవారిని నమ్మి పొలం తాకట్టు పెట్టరాదు. అలాంటి సంస్థల్లో కొలువులకు బహిరంగ ప్రకటన వస్తుంది, దరఖాస్తు పెట్టుకోవాలి. కాంట్రాక్టు కూలికి పోయేవారు రోజుకూలి ఎంత, బస ఎక్కడ, దెబ్బ తగిలితే ఎవరు చూస్తారు అన్నవి నలుగురి ముందు అడిగి తెలుసుకోవాలి.

సముద్రం చెరువు కాదు

పని అయ్యాక సముద్రం చూడకుండా తిరిగి పోయేవారు అరుదు. చూడవలసిందే, కాని ఆర్.కె. బీచ్‌లో లోతుకు దిగరాదు. ఊరి చెరువులో ఈత వచ్చినవారే ఇక్కడ ఎక్కువ ధైర్యం చేస్తారు. కెరటాలు ఒడ్డుకు తెచ్చిన నీరు తిరిగి లోపలికి పోవడానికి ఇరుకైన దారి చేసుకుంటుంది. ఆ దారి మీద కెరటం అంతగా విరగదు. నీరు నెమ్మదిగా ఉన్నట్టు కనిపిస్తుంది. నెమ్మదిగా ఉంది కదా అని జనం అక్కడే దిగుతారు, లాగేదీ అక్కడే. ఆ లాగుడులో పడినవారు తిన్నగా ఒడ్డుకు ఎదురీదితే బలం అయిపోతుంది. ఒడ్డు వెంబడి పక్కకు ఈది, లాగుడు తగ్గాక ఒడ్డుకు మళ్ళాలి. చూస్తున్నవారు వెంట దూకకుండా తాడు గాని, గాలి ట్యూబు గాని, మూత బిగించిన ఖాళీ క్యాను గాని విసరాలి. మాఘ పున్నమి, శివరాత్రి స్నానాలకు వచ్చేవారు మోకాలి లోతులోనే మునక వేసి, పిల్లల చెయ్యి వదలకుండా ఉండాలి.

అదే బీచ్ రోడ్డులో కురుసుర జలాంతర్గామి ఉంది. 1969లో నౌకాదళంలో చేరిన ఈ నౌకను 2002లో ఒడ్డు మీద ప్రదర్శనశాలగా మార్చారు. మనుషులు అంత ఇరుకులో నెలల తరబడి ఎలా బతికారో లోపలికి పోతేనే అర్థమవుతుంది. సోమవారం సెలవు. ఎదుటనే టీయూ-142 విమానం ఉంది.

1933లో మొదలైన పోర్టు లోపలికి గాని, ఉక్కు కర్మాగారం లోపలికి గాని పాసు లేనిదే వదలరు. నౌకాదళం గోడల దగ్గర ఫొటోలు తీయరాదు. ఓడలు చూడాలని ఉన్నవారు పాతబస్తీలో పోర్టును ఆనుకొని ఉన్న కొండలెక్కవచ్చు. వెంకటేశ్వరస్వామి గుడి, దర్గా, రాస్ కొండ మీది మేరీమాత చర్చి పక్కపక్క కొండల మీద ఉన్నాయి. డాల్ఫిన్స్ నోస్ పక్క నుంచి ఓడ మెల్లగా లోపలికి రావడం అక్కడి నుంచి బాగా కనిపిస్తుంది.

తిరుగు ప్రయాణం

ఊరికి చివరి బస్సు ఎప్పుడో కాంప్లెక్స్‌లో దిగిన వెంటనే విచారణ కౌంటరులో అడగాలి, సాయంత్రం కాదు. డబ్బంతా ఒకే జేబులో ఉంచరాదు. "ఇక్కడ దొంగలున్నారు, నగలు తీసి పొట్లం కట్టుకోండి" అని చెప్పేవారు పోలీసులమన్నా నమ్మరాదు. ఏటీఎంలో కార్డు పరాయివారి చేతికి ఇవ్వరాదు. ఫోనులో వచ్చిన రహస్య నంబరు ఎవరికీ చెప్పరాదు.

ఆపద వస్తే 112, అంబులెన్సుకు 108, రైలులో చిక్కు వస్తే 139, ఫోను మోసంలో డబ్బు పోతే వెంటనే 1930 నంబరుకు చెప్పాలి. ఈ నాలుగు నంబర్లు కూడా ఇంటి దగ్గర రాసుకున్న ఆ కాగితం వెనుకనే రాసుకోవాలి.