సైకిలు బ్రేకు రాసుకుంటుంటే...

వరంగల్ ఎనుమాముల మార్కెట్టుకు పనికి పోవాలి. సైకిలు ఎంత తొక్కినా బరువుగా ఉంది. చక్రం దగ్గర కిర్రుకిర్రుమంటున్నది. అంటే బ్రేకు రాసుకుంటున్నదన్నమాట.

కొందరు వెంటనే బ్రేకు వదులు చేస్తారు. అది తప్పు. సైకిలు తేలికగా పోతుంది కానీ, లారీ అడ్డమొస్తే ఆగదు. ప్రాణం మీదికి వస్తుంది. ముందు ఎక్కడ రాసుకుంటున్నదో చూడాలి.

చక్రాన్ని పైకి లేపి చేత్తో తిప్పండి. బ్రేకు రబ్బర్ల దగ్గర చూడండి.

1. ఒకపక్క రబ్బరే చుట్టంతా తగులుతున్నదా? చక్రం పక్కకు జరిగి ఉంటుంది. ఇరుసు నట్లు పానాతో వదులు చేయండి. చక్రాన్ని నడుమకు జరపండి. నట్లు గట్టిగా బిగించండి.

2. ఒక్కచోటనే తగులుతున్నదా? రిమ్ము వంకర పోయింది. సైకిలు షాపులో పుల్లలు బిగించి సరిచేస్తారు.

3. రెండు రబ్బర్లూ రిమ్మును వదలడం లేదా? బ్రేకు కడ్డీల కీళ్లు తుప్పు పట్టి ఉంటాయి. తుడిచి, చుక్క నూనె వేయండి. రిమ్ముకు, రబ్బర్లకు మాత్రం నూనె అంటనీయకండి. అంటితే బ్రేకు పట్టదు.

ఇప్పుడు కొన్ని సైకిళ్లకు డిస్కు బ్రేకులు వస్తున్నాయి. చక్రం నడుమ ఇనుప బిళ్ల తిరుగుతుంది. దానికీ నూనె అంటరాదు. కొన్నింటిలో గొట్టంలోని ద్రవం బ్రేకును నొక్కుతుంది. అలాంటి సైకిలు చక్రం ఊడదీసినప్పుడు బ్రేకు పట్టకండి. పడితే లోపలి ముక్కలు దగ్గరైపోతాయి. చక్రం ఎక్కించాక రాసుకుంటాయి.

పని అయ్యాక ఇంటి ముందే నెమ్మదిగా తొక్కండి. రెండు బ్రేకులూ పట్టి చూడండి. సైకిలు ఆగితేనే రోడ్డెక్కండి.