చేవ లేని కఱ్ఱకు చేవ పోసిన ఉప్పు

అమెరికాలో మధ్యతరగతి గృహస్థుని పెరటిలోనికి పోయి చూచినచో, వంటయింటి తలుపునకు ఆనుకొని, నేలకు రెండు మూడడుగుల ఎత్తున, చెక్కపలకలు పఱచిన అరుగొకటి తఱచుగా కనబడును. దానిని వారు డెక్కు అందురు. మన వీథి అరుగువలె అది దారిన పోవువారిని పలుకరించుటకు ఏర్పడినది కాదు. సాయంకాలము ఇంటిల్లిపాదియు కూర్చుండి భోజనము చేయుటకును, పిల్లలు ఆడుకొనుటకును, వేసవిలో బంధుమిత్రులను పిలుచుకొనుటకును అమర్చుకొన్న ఆరుబయటి గది యది. దానికి పైకప్పు లేదు. పైన ఎండ, వాన, మంచు. క్రింద ఎన్నడు నారని తడినేల. కఱ్ఱకు ఇంతకంటె గడ్డు నివాసము మఱియొకటి ఉండదు. అట్టిచోట, చౌకగా దొరకు మెత్తని పైను కఱ్ఱ, మందు లేనిదే నాలుగైదేండ్లలో పుచ్చిపోవలసినది, ఇరువదేండ్లకు పైబడి చెక్కుచెదరక నిలుచుచున్నదన్నచో అందులకు కారణమైన మందును కనిపెట్టినవారు డెహరాడూనులోని అటవీ పరిశోధన సంస్థలో పనిచేసిన శొంఠి కామేశముగారు. ఇంటిపేరును పేరును వినగానే మనవారని తెలియుచున్నను, మనలో ఆయనను ఎఱిగినవారు మిక్కిలి అరుదు. ఈ వ్యాసము వ్రాయుటకు నన్ను పురికొల్పినది ఆ లోపమే.

కఱ్ఱను వట్టి ఎండ చంపదు, వట్టి వాన చంపదు. వాన కురిసి వెలసిన పిదప పలక లోపల నిలిచిపోవు తేమను ఆశ్రయించి పెరుగు శిలీంధ్రము చంపును. ఎండుకఱ్ఱ బరువుతో పోల్చినపుడు తేమ నూటికి 20 పాళ్లకు లోబడియున్నంత కాలము ఆ శిలీంధ్రము తలయెత్తజాలదు. అంతకు మించి తడిసియుండెనా, కఱ్ఱ దానికి ఆహారమే. దానికి తోడు నేలనుండి చెదలు. మన వడ్రంగులు ఈ శత్రువులకు విరుగుడుగా నమ్మినది చేవను. టేకునో మద్దినో కోసి, నడిమి చేవను దూలములకును ద్వారబంధములకును తీసికొని, దాని చుట్టునుండు తెల్లని చెక్కను వంటచెఱకు క్రింద పడవేయుదురు. ఏలయన చేవలో చెట్టు తన జీవితకాలమున తానే నింపుకొన్న తైలములును కషాయములును ఉండుటచే పురుగు దానిని సులభముగా ముట్టదు. కాని చేవ పట్టుటకు దశాబ్దములు కావలెను, దాని ధర సామాన్యునకు అందదు. కాలిఫోర్నియాలో థామస్ చర్చ్ వంటి ఉద్యానశిల్పులు ఇండ్ల వెనుక చెక్క అరుగులకు వన్నె తెచ్చిన కాలమున సయితము వాటికి వాడుకగానుండినది అచ్చటి రెడ్‌వుడ్ మహావృక్షముల ఎఱ్ఱని చేవయే.

చేవ లేని కఱ్ఱకు బయటినుండి చేవ పోయవచ్చునను ఊహ పందొమ్మిదవ శతాబ్దమున ఇంగ్లండులో బలపడినది. 1832లో కయాన్ అను నతడు పాదరస లవణమున కఱ్ఱను నానవేయు పద్ధతికి పేటెంటు పొందెను. 1838లో జాన్ బెతెల్, ఇనుపపీపాలో కఱ్ఱను బంధించి ఒత్తిడితో మందును లోనికెక్కించు పద్ధతికి పేటెంటు పొందెను. బెతెల్ ఎక్కించినది బొగ్గుతారునుండి తీసిన క్రియోసోటు నూనె. రైలుపట్టాల క్రింది దిమ్మెలకు అది అమృతప్రాయమైనది గాని, దాని నల్లని రంగును, ఘాటైన వాసనను, తాకినచో బట్టకంటు జిడ్డును ఇంటిలో సహింపగలవా రెవరు? మైలుతుత్తమను తామ్రలవణము శిలీంధ్రమును చంపును, పాషాణమనబడు ఆర్సెనిక్ చెదలను చంపును. ఈ సంగతి అందఱకు తెలిసినదే. కాని నీటిలో కరిగించి కఱ్ఱకు పట్టించిన ఉప్పు, మొదటి వానలోనే నీటితో వెడలిపోవును. నీటితో లోనికి పోవలెను, పోయినపిదప నీటికి లొంగరాదు: చిక్కంతయు ఇక్కడనే.

ఈ చిక్కును సగము విప్పినవారు లేకపోలేదు. స్కాట్లండులో గన్ అను నతడు 1926లో తామ్రమును క్రోమియపు లవణముతో జోడించెను. కామేశముగారు జర్మను శిలీంధ్రశాస్త్రజ్ఞుడు రిచర్డు ఫాల్కుతో కలిసి, పాషాణమును క్రోమియముతో జోడించి, ఇరువురి పేర్లు కలియునట్లు ఫాల్కమేశము అను మందును రూపొందించియుండిరి. తామ్రమునకు లొంగని శిలీంధ్రములు కొన్ని కలవు. పాషాణమొక్కటే అన్నిటికి చాలదు. రెండు సగములను ఒక్కటి చేసి, 1933లో ఆయన మూడింటిని ఏకముగా కూర్చిరి: ఆర్సెనిక్ పెంటాక్సైడు ఒక పాలు, మైలుతుత్తము మూడు పాళ్లు, బైక్రోమేటు అను క్రోమియపు లవణము నాలుగు పాళ్లు. ఆర్సెనిక్‌కును తామ్రమునకును రసాయనశాస్త్రమునగల సంకేతాక్షరములను జోడించి దానికి ఆస్కు అని పేరిడిరి. అమెరికాలో దానికి పేటెంటు లభించినది 1938లో. తరువాతి కాలమున లోకమంతట, క్రోమియము, తామ్రము, ఆర్సెనిక్‌ల ఆంగ్లనామముల తొలి అక్షరములైన సీసీఏ అను పేరుతో వ్యాపించినది ఈ కూర్పు యొక్క సంతతియే.

ఇందు నాకు మిక్కిలి ముచ్చట గొలుపు విషయము క్రోమియము చేయు పని. బైక్రోమేటు నారింజవన్నె గలది, నీటిలో సులభముగా కరుగునది. అది కఱ్ఱలో ప్రవేశింపగానే అచ్చటి చక్కెరలును లిగ్నిన్ అను పదార్థమును దానినుండి ఆమ్లజనిని లాగికొనును. అంతట క్రోమియము తన రూపము మార్చుకొని, తామ్రమును పాషాణమును తనతో పెనవేసికొని, నీటికి కరగని పదార్థములుగా కణముల గోడలయందు గడ్డకట్టును. కొన్ని దినములలో పలక పసుపువన్నె విడిచి లేత ఆకుపచ్చకు తిరుగును. ఆ పచ్చదనము పైపూత కాదు, లోపల జరిగిన రసాయన వివాహమునకు గుర్తు.

కఱ్ఱకు మందు ఎక్కించు శుద్ధిశాలలో జరుగు పనియు చూడదగినదే. పలకల కట్టలను చిన్న బండ్లపై పేర్చి, పొడవైన ఉక్కు గొట్టములోనికి తోసి, తలుపు బిగింతురు. మొదట గాలిని పీల్చివేయుదురు. కఱ్ఱ కణములలోని గాలియు దానితో వెడలును. ఆ శూన్యములోనికి మందునీటిని వదలి, వాయుమండలపు ఒత్తిడికి ఇంచుమించు పదిరెట్లు ఒత్తిడి పెట్టగా, దప్పిగొన్న కఱ్ఱ దానిని కడుపార త్రాగును. ఇక్కడ వడ్రంగి లెక్క తలక్రిందులగును. చేవగల భాగము మందును లోనికి రానీయదు. ఆతడు పనికిరాదని పొయ్యిపాలు చేయు తెల్లచెక్కయే చక్కగా త్రాగును. అమెరికా దక్షిణరాష్ట్రములలో తోటలుగా పెంచు పసుపు పైను త్వరగా ఎదుగును, దానిలో అధికభాగము తెల్లచెక్కయే. కావున శుద్ధియోగ్యమైన కలపలలో అది మేలైనదిగా నిలిచినది.

అమెరికాలో ఈ మందును తొలుత స్తంభములకు వాడిరి. మిసిసిపీలోని వెచ్చని తేమనేలలో 1938లో అటవీశాఖ పరిశోధకులు పాతిన పరీక్షాకఱ్ఱలు దశాబ్దములకు కూడ దృఢముగా నిలిచియుండుటచే దానిపై నమ్మకము కుదిరినది. రెండవ ప్రపంచయుద్ధానంతరము నగరముల చుట్టు చిన్న చిన్న సొంత ఇండ్లు వెల్లువవలె వెలసినవి. 1970 తరువాత పెరటి అరుగు సామాన్యుని కోరికయైనది. రెడ్‌వుడ్ ధర భరింపలేని గృహస్థునకు ఆ పచ్చని పైను పలకయే దిక్కైనది.

తక్కువ ఖర్చుతో అరుగు కట్టుకొనదలచినవాడు పని మొదలుపెట్టకముందే, కాగితము మీదనే ధనము మిగుల్చుకొనవలెను. అచ్చటి కలప 8, 10, 12, 14, 16 అడుగుల పొడవులలో దొరకును. అరుగును 12 అడుగుల వెడల్పు, 16 అడుగుల నిడివిగా గీచినచో పలకయంతయు పనికి వచ్చును; అదే అందము కొఱకు 13కు 17గా గీచెనా, పెద్ద పలకలు కొని ప్రతిదాని కొనను కోసి పాఱవేయవలసివచ్చును. పలకకొన మీద చిన్న చీటీయొకటి కొట్టియుండును. నేలను తాకు చోటికి తగినదో, నేలపైన మాత్రమే వాడదగినదో దానిమీదనే ఉండును. కొద్ది డబ్బులు మిగులునని రెండవదానిని స్తంభముగా పాతినవాడు కొలది యేండ్లలో రెండింతలు చెల్లించును. శుద్ధిశాలనుండి కొత్తగా వచ్చిన పలక మేకు దిగినచోట తడి చిమ్ముచుండును. అట్టిదానిని ఎడము లేక దగ్గఱగా పఱచవలెను, అది ఆరి సన్నబడినప్పుడు సందు తనంతట తానే ఏర్పడును. మందు కఱ్ఱ నట్టనడుమకు చేరదు గనుక కోసిన ప్రతి కొనకును మఱల మందు పూయవలెను.

డబ్బు మిగుల్చుకొనరాని చోట్లు రెండు కలవు. మొదటిది పునాది. మిన్నెసోటా వంటి శీతలప్రాంతమున నేలలోని నీరు చోటును బట్టి మూడున్నర మొదలు ఐదడుగుల లోతువఱకు గడ్డకట్టి ఉబ్బును. గుంట అంతకంటె లోతుగా త్రవ్వనిచో స్తంభము ఏటేట పైకి లేచును. రెండవది లెడ్జరు అను అడ్డపట్టె. అరుగు బరువులో సగము ఇంటిగోడకు బిగించిన ఆ ఒక్క పట్టెయే మోయును. మనుష్యులు నిండియున్న అరుగులు కూలిన ఘటనలలో తఱచుగా బయటపడు తప్పు, ఆ పట్టెను వట్టి మేకులతో కొట్టియుండుటయే. మేకు బరువునకు క్రమక్రమముగా ఊడివచ్చును, బోల్టు ఊడదు. ఈ బోల్టుల ఖర్చు మొత్తము అరుగు ఖర్చులో స్వల్పభాగము. నా మాట విని ఇచ్చట లోభింపకుడు.

పాషాణము మాట ఇంకను మిగిలినది. క్రోమియము ఎంత బిగించి పట్టినను, వానకు కొద్దికొద్దిగా అది పలక పైకి ఊఱుననియు, క్రింది నేలలో చేరుననియు, అరుగుపై పాకు పసిపిల్లల చేతులకంటి నోటిలోనికి పోవచ్చుననియు పరిశీలనలలో తేలినది. 2002 ఫిబ్రవరిలో, అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థతో జరిపిన చర్చల ఫలితముగా, తయారీదారులు ఇండ్లలో వాడు కఱ్ఱకు ఈ మందును మానుకొనుటకు అంగీకరించిరి. 2003 డిసెంబరు 31తో ఆ అధ్యాయము ముగిసినది. స్తంభములకును, సముద్రపునీటిలో పాతు కఱ్ఱలకును నేటికిని దాని వాడుక కలదు. రైలుదిమ్మెల కొఱకును స్తంభముల కొఱకును కఱ్ఱమందు వెదకుచుండిన యుగమున పుట్టినదానిని పిల్లల ఆటస్థలమునకు పఱచినందులకు కామేశముగారిని నిందించుట న్యాయము కాదని నా తలంపు. చేవ లేని చెట్టుతో పని జరుపుకొన నేర్పి, చేవగల ప్రాచీనవృక్షములనెన్నిటినో గొడ్డలి వాత పడకుండ కాపాడినది ఆయన కూర్పే.

ఇప్పుడు అమ్మునది పాషాణము లేని, తామ్రమే ప్రధానముగా గల శుద్ధికఱ్ఱ. తామ్రపు పాలు హెచ్చినందున అది సాదా ఇనుపమేకును త్వరగా తినివేయును; కాబట్టి తుత్తునాగపు మందపు పూత గలవో, స్టెయిన్‌లెస్ స్టీలువో వాడవలెను.

టెక్సాసులోను న్యూజెర్సీలోను పాత ఇండ్లు కొనుక్కొన్న మన తెలుగు కుటుంబములు అనేకము కలవు. ఇల్లు 2004కు పూర్వపుదైనచో పెరటి అరుగు కామేశముగారి మందుతోనే నిలిచియున్నదను అనుమానము ఉంచుకొనుడు. గట్టిగానున్నచో పెఱికివేయ నక్కఱలేదు. ఒకటి రెండేండ్ల కొకసారి నీరు దిగని పూత వేసి, దానిమీద ఆడిన పిల్లల చేతులు అన్నమునకు ముందు కడిగించుడు. విప్పవలసి వచ్చిన నాడు మాత్రము ఆ పలకను పొయ్యిలోగాని చలిమంటలోగాని వేయకుడు. కఱ్ఱ కాలిపోవును, పాషాణము బూడిదలో మిగిలియుండును.