ఎడమకాలి విద్య

దోమకొండ గడికోట ముంగిటి బాటమీద, ఒకనాటి ఉదయమున, నలుగురు చూచుచుండగా, నేను నడుపుచున్న కొత్త సెడాను కారు, ఎదుట మనిషి గాని పశువు గాని లేకయే, గోడకు తాకినట్లు నిలువునా ఆగిపోయెను. పక్కన కూర్చున్న షోరూము కుఱ్ఱవాడు ముందునకు తూలి, సీటుబెల్టు లాగి పట్టగా నిలదొక్కుకొని, నొచ్చుకొనక, నవ్వక, ఇట్టివారిని దినమునకు ఇద్దరు ముగ్గురిని చూచువాని నిదానముతో, "సార్, ఎడమ కాలు పక్కకు పెట్టుండ్రి. దీంట్ల దానికి పని లేదు" అనెను. జరిగినది ఇంతియే: ఇరువది ఎనిమిదేండ్లుగా క్లచ్చు నదుముటకు అలవడిన నా ఎడమకాలు, వేగము తగ్గుట తెలిసినంతనే, నన్నడుగకయే లేచి, అలవాటైన తావున క్లచ్చును వెదకి, అది లేకపోగా అచ్చటికి వెడల్పుగా చాచుకొని యున్న బ్రేకును, క్లచ్చు నదుమునంత బలముతో, అడుగంట తొక్కినది.

"పని లేదు" అన్న ఆ మాట నా చెవిలో చాలసేపు నిలిచెను. నూఱేండ్లకు పైగా లోకమందలి డ్రైవరుల ఎడమకాళ్లు రాత్రింబగళ్లు చేసిన పని యది. దానిని కాలికి అప్పగించినది ఎవరు, కాలినుండి తీసికొనినది ఎవరు అని విచారించినచో, ఇంజనుకును చక్రమునకును నడుమ, కంటికి కానరాక, నూనెలో మునిగియుండు గేరుపెట్టె యొక్క జీవితకథ యంతయు బయటపడును.

ఆ కథ ఇంజనులోని యొక లోపముతో మొదలగును. బండి లాగు ఎద్దును చూడుడు. చెరకు మోపులతో నిండిన బండి పొలంబాట బురదలో ఇరుసుదాక దిగబడి కదలక నిలిచినప్పుడే ఎద్దు తన సత్తువ నంతయు మెడకు తెచ్చును. బండి కదలి దారిన పడిన పిమ్మట దానికి శ్రమ తగ్గును. అనగా, నిశ్చలముగా నున్నప్పుడే దాని లాగుడు మిక్కుటము. ఆవిరి యంత్రము గూడ ఇట్టిదే. చక్రము తిరుగకున్నను పిస్టనుమీద ఆవిరి ఒత్తిడి పూర్తిగా పనిచేయును గనుక, ఆవిరి రైలింజను గేరులు లేకయే పెట్టెలను లాగుకొని బయలుదేరెను. పెట్రోలు ఇంజను స్వభావము దీనికి విపరీతము. తాను తిరుగుచున్నగాని దానికి బలము పుట్టదు; నిమిషమునకు ఇంచుమించు 800 చుట్లకు దిగువనైనచో ఊపిరాడక ఆగును; 6000 దాటినచో దాని కీళ్లు నిలువవు. చక్రము సంగతియో వేఱు. రమారమి రెండు మీటర్ల చుట్టుకొలతగల కారుచక్రము, బండి గంటకు 10 కిలోమీటర్ల వేగమున పోవునప్పుడు నిమిషమునకు 83 చుట్లును, 100 కిలోమీటర్ల వేగమున 833 చుట్లును తిరుగును. తొందరపాటు గల ఈ ఇంజనుకును, నిదానించు ఆ చక్రమునకును పొత్తు కుదుర్చుటకు మధ్యవర్తి యొకడు కావలెను. మొదటి గేరులో ఇంజను పదునాలుగు చుట్లు తిరిగినగాని చక్రము ఒక చుట్టు తిరుగదు. వేగమును కోల్పోయిన మేరకు లాగుడు పెరుగును. పై గేరులో మూడు చుట్లకే ఒక చుట్టు. లాగుడు తగ్గి పరుగు హెచ్చును. ఇక బండి నిలిచినను ఇంజను నిలువరాదు గనుక, ఆ రెంటిని క్షణకాలము విడదీయుటకు క్లచ్చు పుట్టెను. దానిని తొక్కు భారము ఎడమకాలిపై పడెను.

ఈ మధ్యవర్తి లేనిచో ఏమగునో మొట్టమొదట అనుభవించి చెప్పినది ఒక గృహిణి. 1888వ సంవత్సరము ఆగస్టు నెలలో, కార్ల్ బెంజ్ భార్య యైన బెర్తా బెంజ్, కొడుకులిద్దరిని వెంటబెట్టుకొని, భర్తకు చెప్పకయే, ఆయన నిర్మించిన మూడుచక్రముల మోటారుబండిలో మాన్‌హైము నుండి ఫోర్ట్‌సైమునకు నూఱు కిలోమీటర్లకు పైబడిన ప్రయాణము చేసెను. చదునైన దారిలో సాగిన బండి మిట్టలెక్క లేకపోగా కొడుకులు దిగి వెనుకనుండి త్రోయవలసి వచ్చెను. ఎక్కుడు దారికి తక్కువ వేగముతో ఎక్కువగా లాగు మఱియొక గేరు కావలెనని ఆమె చేసిన సూచనను బెంజ్ మన్నించెను. తరువాతి దశాబ్దమున ఫ్రాన్సులో ఎమిల్ లెవసోర్, పండ్లచక్రములను జరిపి ఒకదానితో నొకటి పట్టించు గేరుపెట్టెను కారులో స్థిరపఱచెను. 1898వ సంవత్సరము క్రిస్మసు ముందటి రాత్రి, ఇరువదియొక్కేండ్ల లూయీ రెనో, పై గేరులో ఇంజను బలము పండ్లచక్రముల గుండ తిరుగక నేరుగా పోవునట్లు తాను కూర్చిన చిన్న బండిని, పారిసు నగరపు మోమార్త్ర మిట్టమీదికి నడిపి చూపి, ఆ రాత్రియే కొనుగోలుదారులను సంపాదించెను.

అయితే ఆనాటి గేరుపెట్టె మొండిది. వేర్వేరు వేగముల తిరుగుచున్న రెండు పండ్లచక్రములను కలుపబోయినచో పన్ను పన్నుతో ఒరసికొని, వీధి వీధియంతయు వినునట్లు కరకరలాడును. దీనికి డ్రైవరులు కనిపెట్టిన ఉపాయమే డబుల్ క్లచ్చు. క్లచ్చు తొక్కి గేరును న్యూట్రలునకు తెచ్చి, కాలు తీసి, ఇంజనును రవంత గద్దించి దాని వేగమును రాబోవు గేరునకు సరిపఱచి, మరల క్లచ్చు తొక్కి గేరు వేయుట దాని క్రమము. 1932లో నిజాము రాష్ట్ర రైల్వే శాఖ 27 బస్సులతోను 166 మంది ఉద్యోగులతోను రోడ్డు రవాణాను ఆరంభించినప్పుడు, ఆ బస్సులను నడిపినవారికి ఈ విద్య రానిదే పొట్ట గడవదు. దశాబ్దముల తరువాత ఆర్టీసీలో చేరిన మా మేనమామకు గూడ ఇదియే అన్నము పెట్టెను. నాకు కారు నేర్పుచు ఆయన ఎన్నడును స్పీడోమీటరు చూపలేదు. "ఇంజను ఏమంటున్నదో ఇను. చెయ్యి అదే పోతది" అని మాత్రము చెప్పెను. ఆ ఒక్క వాక్యమునకు మించిన పాఠ్యగ్రంథము నేను చదివి యెఱుగను.

కరకరను మాన్పినవాడు అమెరికా దేశస్థుడైన ఎర్ల్ థాంప్సను. గేరులు కలియుటకు ముందుగా, శంకువు ఆకారముగల రెండు లోహభాగములు ఒకదానినొకటి ఒరసికొని వేగములను సమానము చేయునట్లు ఆయన కూర్చిన సింక్రోమెష్ 1928లో కాడిలాక్ కారులకు వచ్చెను. డబుల్ క్లచ్చు నేర్చినవాని గర్వము ఆనాటినుండి తగ్గుముఖము పట్టెను. విశేషమేమన, కాలికి శ్రమ తగ్గించిన ఈ థాంప్సనే, పిదప కాలికి పనియే లేకుండ చేసిన బృందమునకు నాయకుడయ్యెను. జనరల్ మోటార్సు వారి ఆ సాధనము, హైడ్రా-మాటిక్ అను పేర, 1940 నమూనా ఓల్డ్స్‌మొబైల్ కారులలో వెలువడెను. రెండవ ప్రపంచ యుద్ధకాలమున తేలికపాటి టాంకులలో గూడ అమర్పబడెను.

దీని మూలము భూమిమీద గాక సముద్రముమీద నున్నది. అతివేగముగ తిరుగు ఆవిరి టర్బైనును, మెల్లగా తిరుగవలసిన ఓడ ప్రొపెల్లరుతో జోడించుటెట్లని యోచించిన జర్మను ఇంజనీరు హెర్మన్ ఫోట్టింగర్, పండ్లచక్రములకు బదులు ద్రవమును మధ్యవర్తిగా నిలిపి, 1905లో పేటెంటు పొందెను. రెండు టేబులు ఫ్యానులను ఎదురెదురుగా ఉంచి, ఒకదానిని మాత్రమే నడిపించి చూడుడు. దాని గాలికి రెండవదియు తిరుగ నారంభించును. గాలి స్థానమున నూనెను, ఫ్యానుల స్థానమున మూసిన పాత్రలో రెండు రెక్కల చక్రములను ఊహించినచో ఫోట్టింగర్ యుక్తి బోధపడును. మొదటి చక్రము ఇంజనుతోను, రెండవది గేరులతోను తిరుగును. ఆ రెంటి నడుమ నుంచిన మూడవ రెక్కలచక్రము, మరలివచ్చు నూనెను తిరుగుచున్న దిక్కునకే మళ్లించుటచే, బయలుదేరునప్పుడు లాగుడు ఇంచుమించు రెట్టింపగును. దీనిని టార్కు కన్వర్టరు అందురు. బండి నిలిచినప్పుడు రెండవ చక్రము నిలిచినను నూనె జారుచుండును గనుక ఇంజను ఆగదు. క్లచ్చు చేయు పని నూనెయే చేయును. దాని వెనుక, నడుమ సూర్యునివంటి పండ్లచక్రము, చుట్టును గ్రహములవంటి చిన్నచక్రములు, వెలుపల వలయచక్రము గల కూర్పు లుండును. వీనిలో ఏ చక్రమును పట్టి నిలిపిన ఏ గేరు వచ్చునో నాడు నూనె ఒత్తిడియు, నేడు కంప్యూటరును నిర్ణయించుచున్నవి.

మన దేశమున ఎడమకాలికి చాలకాలము సెలవు దొరకలేదు. అంబాసిడరు, ఫియట్టు కారులలో స్టీరింగు పక్కననే యుండిన గేరుకడ్డి, 1983 డిసెంబరులో వచ్చిన మారుతి 800తో అందఱకు పరిచితముగా నేలమీదికి దిగెనేగాని, తొక్కుడు తప్పలేదు. ఆటోమేటిక్ కారు వెల హెచ్చు, పెట్రోలు ఎక్కువ త్రాగునన్న అపవాదు వేఱొకటి. 2014లో సెలేరియో కారుతో వచ్చిన ఏఎమ్‌టీ ఈ చిక్కును తక్కువ ఖర్చుతో విప్పెను. పాత గేరుపెట్టెను పాత క్లచ్చును యథాతథముగా నుంచి, వానిని కదిలించు కాలిని చేతిని మాత్రము యంత్రముగా మార్చుటయే అందలి యుక్తి. డ్రైవరు కూర్చున్న చోటనే యున్నాడు. ఆతని అవయవములు రెండు పెట్టెలోనికి వెళ్లినవి.

నేను ఆనాడు నడిపిన సెడాను ఫోట్టింగర్ వంశమునకు చెందినది, ఆఱు గేరులది. ఎడమకాలిని సీటు కిందికి మడిచి పెట్టి మరల బయలుదేరితిని. బ్రేకుపైనుండి కాలు తీసినంతనే, ఆక్సిలరేటరు ముట్టకయే, బండి తనంతట తాను ప్రాకసాగెను. అది లోపల జారుచున్న నూనె చలువ అని ఎఱిగినవాడనయ్యును, ఎవరో వెనుకనుండి త్రోయుచున్నట్లు తోచెను. 44వ జాతీయ రహదారి నెక్కి, కామారెడ్డి దిక్కుగా పోవుచు, ముందున్న లారీని దాటుటకై కుడికాలు బలముగా నదిమితిని. ఒక్క క్షణము ఏమియు జరుగలేదు. ఆ క్షణమున నా చేయి తనంతట తానే గేరుకడ్డి మీదికి పోయినది. అంతలో లోపలి కంప్యూటరు రెండు గేరులు దించగా, ఇంజను ఎలుగెత్తి, బండి ముందునకు దూకెను. నేను వినుచుంటిని గాని, వినుటవలన చేయవలసినది నాకేదియు మిగులలేదు.

తిరిగి వచ్చునప్పుడు గడికోట గోడలు మరల కానవచ్చెను. శిథిలము కానీయక నిలిపినందులకు ఆ కోటకు 2022లో యునెస్కో వారి ఆసియా-పసిఫిక్ సాంస్కృతిక వారసత్వ పురస్కారము లభించెను. కోటనైన రాతితో సున్నముతో నిలుపవచ్చును. డబుల్ క్లచ్చు దేనిలో దాచుదుము? అది ఆడినంతకాలమే కాలిలో నుండును.

ఆ సందేహము తీరుటకు ఎంతోసేపు పట్టలేదు. సెడానును అప్పగించి, నా పాతకారులో ఇల్లు చేరి, వాకిట నిలుపబోయి బ్రేకు మాత్రమే తొక్కితిని. ఎడమకాలు కదలలేదు. బండి గుభిల్లున ఒక్క కుదుపు కుదిపి ఆగిపోయెను. అరుగుమీద కూర్చున్న మేనమామ, "ఏంది అల్లుడా, గంటల్నే మరిచినవా?" అనెను. ఉక్రోషముతో నేను నాలుగు విజ్ఞానపు మాటలు చెప్పితిని. హైదరాబాదులో 2019 నుండి ఆర్టీసీ విద్యుత్ బస్సులు నడుచుచున్నవనియు, విద్యుత్ మోటారు నిలిచియున్నప్పుడే మిక్కిలి బలముతో లాగుననియు, కావున దానికి క్లచ్చుతో గాని మార్చదగిన గేరులతో గాని నిమిత్తము లేదనియు, నూటముప్పది యేండ్లు బ్రదికిన గేరుపెట్టె ఇక ఎంతోకాలము ఉండబోదనియు వివరించితిని.

బస్సులకు మునుపు బండ్లు తోలిన ఆ వృద్ధుడు అంతయు ఓపికగా విని, కొంతసేపు ఊరకుండి, "నిలవడ్డకాన్నే జోరుగ గుంజుతదంటివి. గట్లయితె అది ఎద్దే గదా, అల్లుడా" అనెను. పిమ్మట తన ఎడమమోకాలిని అరచేత నిమురుకొనుచు, "నడుమల మనమే ఆగమైనం" అనెను.