రసం పెట్టెకు దారి తెలియాలి

చిన్నరసం మామిడి కోతకొచ్చాక ఎవరి కోసమూ ఆగదు. వరిగడ్డిలో సర్ది, అట్టపెట్టెకు టేపు వేశాక కూడా లోపల మాగుతూనే ఉంటుంది. నాలుగైదు రోజుల్లో తినేవాళ్ల ఇంటికి చేరితే అమృతం, దారి తప్పి గోడౌన్‌లో రెండు రోజులు పడుంటే రసం కారే గుజ్జు. అందుకే ఏప్రిల్ నుంచి జూన్ దాకా నూజివీడు తోటల్లో చిరునామా అన్నది చాలా విలువైన సరుకు.

పెట్టె తీసుకెళ్లడానికి వచ్చే కొరియర్ కుర్రాడికి రైతు ఫోన్లో దారి చెప్పే తీరు చూడండి. ‘రామాలయం దాటాక కుడిచేతి మట్టిరోడ్డు, మోటారు షెడ్డు ఎదురుగా ఉన్న తోట.’ ఊరి పోస్ట్‌మ్యాన్‌కు ఆ మాత్రం కూడా అక్కర్లేదు, పేరు చెబితే చాలు. కొరియర్ యాప్ మాత్రం డోర్ నంబరు, వీధి, పట్టణం అని గళ్లు పెట్టి కూర్చుంటుంది. తోటకు డోర్ నంబరు ఎక్కడిది? సర్వే నంబరు రాస్తే దానికి అర్థం కాదు. ఏదో ఒకటి నింపితేనే ముందుకు వెళ్లనిస్తుంది కాబట్టి జనం సున్నా కొట్టి పంపేస్తారు. అసలు దారి చూపే రామాలయం ఆ గళ్లలో ఎక్కడా మిగలదు.

ఊరి పేర్లతో ఇంకో చిక్కు. నూజివీడు మండలంలో అన్నవరం ఉంది. పేరు ఒక్కటే ఇచ్చి వెతికితే సాఫ్ట్‌వేర్ చూపు సత్యదేవుడి అన్నవరం మీదికే పోతుంది. అది కాకినాడ జిల్లాలో, ఇక్కడికి తిన్నగా కొలిచినా 170 కిలోమీటర్ల పైమాటే. ఇలాంటి తికమకలు తప్పించడానికే శ్రీరామ్ భికాజీ వేలంకర్ రూపొందించిన పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న అమల్లోకి వచ్చింది. మొదటి అంకె 5 అంటే తెలుగు రాష్ట్రాలూ కర్ణాటకా ఉన్న తపాలా మండలం. మొదటి మూడూ కలిస్తే ఉత్తరాలు వేరుచేసే జిల్లా.

ఆ ‘జిల్లా’ తపాలావాళ్లది, కలెక్టరుది కాదు. ఈ తేడా తెలియని ప్రోగ్రాములు మనల్ని ముప్పుతిప్పలు పెడతాయి. 2022 ఏప్రిల్ 4న నూజివీడు కృష్ణా నుంచి ఏలూరు జిల్లాకు మారింది. ఏలూరు పట్టణం పిన్‌లు 534తో మొదలవుతాయి, నూజివీడు మాత్రం 521201గానే ఉండిపోయింది. 521 అంటే కృష్ణా జిల్లాయేనని పట్టికలో బిగించి పెట్టుకున్న సాఫ్ట్‌వేర్‌కు ‘ఏలూరు జిల్లా, 521201’ అని రాస్తే తప్పు అంటుంది. తప్పు రాసినవాడిది కాదు. పిన్‌ను, జిల్లాను వేర్వేరుగా దాచుకోవాలని తెలియనివాళ్లది.

ఇక దూరం. కంప్యూటర్ రెండు చోట్ల అక్షాంశ రేఖాంశాలు తీసుకుని, భూమి వ్యాసార్థం 6,371 కిలోమీటర్లు అనుకుని, ఒకప్పుడు నావికులు వాడిన హావర్సైన్ సూత్రంతో గోళం మీద దూరం కడుతుంది. భూమి బల్లపరుపు అనుకుని లెక్కేస్తే తేడా వస్తుంది. ఒక డిగ్రీ రేఖాంశం భూమధ్యరేఖ దగ్గర 111 కిలోమీటర్లు, నూజివీడు దగ్గర 106 పైచిలుకు, ఢిల్లీకి వెళ్తే 98కి దిగుతుంది. సూత్రం సరిగ్గా వాడితే నూజివీడు నుంచి ఏలూరు ఇంచుమించు 28 కిలోమీటర్లు వస్తుంది. కానీ ఆ 28 కాకి ఎగిరే దూరం. హనుమాన్ జంక్షన్ మీదుగా చుట్టు తిరిగి వెళ్లే వ్యానుకు అది ఎందుకు పనికొస్తుంది?

విజయవాడ నుంచి నూజివీడు రోడ్డు సింగ్‌నగర్, నున్న, ఆగిరిపల్లి మీదుగా వస్తుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు కూడా ఈ రెండు ఊళ్ల మధ్య దూరానికి సూత్రం ఎప్పటి అంకే చెప్పింది. అప్పుడు మామిడి సీజన్ కాదు గనుక సరిపోయింది. పండు పంపేవాడికి కావాల్సింది రోడ్డు దూరం, అంతకంటే ముఖ్యంగా ఎన్ని గంటలన్నది.

ఇంతలో ఒక మంచి పని జరిగింది, అదీ మన గడ్డ మీదే. తపాలా శాఖ, ఐఐటీ హైదరాబాద్, ఇస్రోకు చెందిన ఎన్‌ఆర్‌ఎస్‌సీ కలిసి తయారుచేసిన ‘డిజిపిన్’ 2025 మే నెలలో విడుదలైంది. దేశాన్ని పదహారు గళ్లుగా, ఒక్కో గడిని మళ్లీ పదహారుగా, ఇలా పదిసార్లు విడగొడతారు. చివరికి మిగిలేది దాదాపు నాలుగు మీటర్ల చదరం, దానికి పది అక్షరాల గుర్తు. నూజివీడు పట్టణం గుర్తు 475తో మొదలవుతుంది, ఏలూరు 476తో. తోటలో మోటారు షెడ్డుకు ఒక గుర్తు, గేటుకు మరొకటి. దాని లెక్కకు ఇంటర్నెట్ కూడా అక్కర్లేదు. అందులో మన పేరూ ఫోనూ ఉండవు. అయితే అది చోటును చెబుతుందే తప్ప అక్కడ ఎవరున్నారో, ఏ అంతస్తో చెప్పదు. పిన్‌కోడ్‌ను తీసేసి దీన్ని పెట్టమని ఎవరూ అనలేదు.

రైతులారా, వచ్చే కోతలోపు ఒకసారి తోట గేటు దగ్గర నిలబడి మీ డిజిపిన్ తీసి గోడ మీద పెయింటుతో రాయించండి. పిన్‌కోడ్, ఫోన్ నంబరు పక్కన దాన్నీ పెట్టండి. యాప్‌లు రాసే పిల్లలకు ఒక మాట: నూజివీడులోనే ట్రిపుల్ ఐటీ ఉంది, ఇక్కడి చిక్కు ఇక్కడే తేల్చవచ్చు. మీ ఫారంలో ‘దారి గుర్తు’ అని ఒక పెద్ద గడి పెట్టి, అక్కడ రామాలయం పేరు తెలుగులో రాయనివ్వండి.