వ్యాయామమునకు నోటి ఆరోగ్యముతో గల సంబంధము

వత్సవాయి పరిసర గ్రామములనుండి జగ్గయ్యపేటకును, నందిగామకును, ఇంకను దూరమున గల విజయవాడకును చదువులకై పోవు యువతీ యువకులు అనేకులు. వీరిలో పోలీసు, సైనికోద్యోగముల నాశించి తెల్లవారక మునుపే రోడ్డు వెంట పరుగులు తీయువారును కలరు. వ్యాయామము గుండెకు, ఊపిరితిత్తులకు మేలని వారెరుగుదురు. అయితే దానికిని పండ్లకును సంబంధమేమని అడిగినచో పట్టపరీక్షకు చదువువారు సైతము నవ్వి ఊరకుందురు. పన్ను వేరు, ఒళ్ళు వేరు అని మనలో పాతుకొనిన భావమే దీనికి కారణము.

పండ్లపై చేరిన పాచిని తొలగింపనిచో చిగుళ్ళు వాచి నెత్తురు కారును. అశ్రద్ధ చేసినకొలది ఆ వ్యాధి పంటిని నిలుపు ఎముక వరకు ప్రాకి, పన్ను కదలును. మధుమేహము గలవారికి చిగుళ్ళ వ్యాధి త్వరగా ముదురును. చిగుళ్ళ వ్యాధి ముదిరినవారికి రక్తములోని చక్కెరను అదుపు చేయుట కష్టమగును. క్రమము తప్పక వ్యాయామము చేయు శరీరము ఇన్సులినును చక్కగా వినియోగించుకొనును. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో వెలువరించిన సూచనల ప్రకారము పెద్దలు వారమునకు కనీసము 150 నిమిషములు ఒక మోస్తరు వ్యాయామము చేయవలెను. ఇట్టివారిలో చిగుళ్ళ వ్యాధి తక్కువగా కనిపించినట్లు పలు పరిశీలనలు తెలుపుచున్నవి. కాని వ్యాయామప్రియులు పొగ త్రాగుట తక్కువ, శుభ్రత ఎక్కువ. కనుక ఫలమంతయు వ్యాయామమునకే కట్టబెట్టుట తగదు.

ఇందుకు చక్కని దృష్టాంతము కలదు. 2012 లండన్ ఒలింపిక్ క్రీడల సమయమున 302 మంది క్రీడాకారుల నోళ్ళను దంతవైద్యులు పరీక్షించిరి. నూటికి 55 మందికి పుచ్చిపండ్లును, 76 మందికి చిగుళ్ళ వాపును ఉండెను. నోటి బాధ తమ సాధనకో, ఆటకో అడ్డు వచ్చినదని నూటికి 18 మంది చెప్పిరి. ప్రపంచములోని మేటి దేహములు గలవారి సంగతియే ఇట్లున్నది!

కారణము తెలియనిది కాదు. పరుగెత్తునపుడు నోటితో ఊపిరి పీల్చుదుము, నోరెండిపోవును. పండ్లను కాపాడు లాలాజలము తగ్గును. ఆ సమయముననే తీపి కలిసిన పుల్లని సీసా పానీయములు త్రాగినచో పంటిపై గల గట్టి పొర మెత్తబడి అరుగును. శక్తినిచ్చునని ప్రకటించు పానీయములును ఇందుకు మినహాయింపు కావు. మామూలు పరుగునకు, ఆటకు మంచినీరే చాలును. పుల్లని పానీయము త్రాగినవెంటనే పండ్లు తోముకొనరాదు. నీటితో పుక్కిలించి, అరగంటయైన ఆగవలెను.

ఆటస్థలమున దెబ్బలు తగులుట సహజము. కబడ్డీలో మోచేయి తగిలియో, క్రికెట్టు బంతి తగిలియో పన్ను ఊడిపడిన, దానిని పారవేయుదురు. లేదా కాగితములో చుట్టి మరునాడు వైద్యుని చెంతకు పోవుదురు. రెండును పొరపాటే. శాశ్వత దంతమైనచో వేరును తాకక, పై భాగమున పట్టుకొని, మట్టియున్నచో శుభ్రమైన నీటితో ఒక్క క్షణము కడిగి, వెంటనే దాని గుంటలోనే నిలుపవలెను. అది వీలుకానిచో పాలలో ఉంచి దంతవైద్యుని వద్దకు పరుగెత్తవలెను. పాలు దొరకని పల్లె మనకు లేదు గదా! అరగంటలో, గంటలో చేరిన పన్ను నిలుచుటకు అవకాశము మెండు. వేరును గీకి తోమినను, పన్ను ఎండిపోయినను ఆ అవకాశము పోవును. పాలపండ్లను మాత్రము తిరిగి అమర్పరాదు.

మరియొక సంగతి పంచాయతీ సభ్యుల దృష్టికి తేవలసియున్నది. ఉదయము పరుగెత్తిన యువకుడే సాయంకాలము ఖైనీయో, గుట్కాయో బుగ్గన పెట్టినచో ఆ పరుగు అతని నోటిని కాపాడజాలదు. పొగాకు, వక్క నోటి కాన్సరునకు కారణములు. 2003 నాటి పొగాకు నియంత్రణ చట్టము ప్రకారము విద్యాసంస్థకు నూరు గజముల లోపల పొగాకు వస్తువులను అమ్మరాదు. పదునెనిమిదేండ్లు నిండనివారికి ఎక్కడను అమ్మరాదు. మీ ఊరి పాఠశాల ప్రహరీగోడనుండి ఆ నూరు గజములను ఒకసారి మీరే కొలిచి చూడుడు. లోపల దుకాణమున్న, సంగతి అధికారులకు వ్రాతమూలకముగ తెలుపుడు. ఆటస్థలమునకు మంచినీటి కుళాయి వేయించుటకు, ఊడిన పంటిని ఏమి చేయవలెనో ప్రక్కగోడపై నాలుగు వరుసలలో వ్రాయించుటకు పెద్ద తీర్మానములు అక్కరలేదు. సెలవులకు ఇంటికి వచ్చిన కళాశాల విద్యార్థులచేతనే ఆ వ్రాత వ్రాయించినచో వారును దానిని నేర్చుకొందురు.